రైతునకు తగిన కెమెరా: తొలిసారి కొనువారికి కొన్ని సూచనలు

పైరునకు తెగులు సోకినప్పుడు రైతు మొదట చేయు పని, ఒక ఆకును త్రుంచి జేబులో నుంచుకొని తెలిసినవారి యొద్దకు పోవుట. ఆ ఆకు గమ్యము చేరులోపల వాడి ముడుచుకొనిపోవును. పురుగైనచో దారిలోనే జారిపోవును. నేడు ఆకునకు బదులు దాని ఛాయాచిత్రము ప్రయాణము చేయుచున్నది. సెల్‌ఫోను లేని యిల్లు అరుదు. అయినను వ్యవసాయ ప్రదర్శకులమగు మాయొద్దకు వచ్చు చిత్రములలో పెక్కింటిని చూచి మేము చెప్పగలిగినది యొక్కటే: “పచ్చగా నేదియో కనబడుచున్నది.” దానినిబట్టి మందు చెప్పుట చీకటిలో రాయి విసరుట వంటిది. తప్పు మందు కొట్టిన రైతునకు మందు ఖర్చు, కూలి ఖర్చు, జారిపోయిన అదును, ఈ మూడును నష్టమే.

జల్‌పల్లి, పహాడీషరీఫ్, మామిడిపల్లి ప్రాంతముల సభ్యులు కొందఱు తమకొక కెమెరా అవసరమా, అవసరమైనచో నెట్టిది కొనవలెను, సంఘము పక్షమున నొకటి కొని యందఱును వాడుకొనవచ్చునా అని యడుగుచున్నారు. నగరము నానాటికి మీదికి వచ్చుచున్న యీ ప్రాంతమున మిగిలిన ప్రతి మడియు విలువైనదే. దానిపై పెట్టు ప్రతి రూపాయియు ఆలోచించి పెట్టదగినదే. కావున ఈ విషయమును కొంత వివరముగా వ్రాయుచున్నాము. మా అభిప్రాయమును ముందుగానే చెప్పెదము. కెమెరా గొప్పతనము పెట్టెమీద అచ్చువేసిన అంకెలలో లేదు. పొలమును చూడనివాడు ఆ చిత్రమును చూచి పొలము స్థితిని తెలిసికొనగలిగినచో అది మంచి కెమెరా. తెలిసికొనలేనిచో ఎంత వెలపెట్టినను వ్యర్థమే.

ఓరుగల్లు ప్రత్తి రైతుల అనుభవము

ఇది ఊహించి చెప్పు మాట కాదు. 2004లో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ విద్యాసంస్థ వారు, మీడియా ల్యాబ్ ఏషియా అను సంస్థతో కలిసి, “ఈ-సాగు” అను కార్యక్రమమును ప్రారంభించిరి. ఆచార్య పి. కృష్ణారెడ్డి గారు దానికి ముఖ్యులు. 2004–05 సాలున వరంగల్లు జిల్లాలో మూడు గ్రామములలోని 1,051 ప్రత్తి పొలములను అందులో చేర్చుకొనిరి. గ్రామమునందే యుండి సేద్యమెఱిగిన చదువరులకు డిజిటల్ కెమెరా నిచ్చి, తీయు విధము నేర్పిరి. వారు క్రమముగా పొలములకు పోయి, పైరును చిత్రములు తీసి, చూచిన సంగతులను కాగితముమీద వ్రాసికొని, అన్నింటిని సీడీలలో నెక్కించి కొరియరు మూలమున హైదరాబాదునకు పంపుచుండిరి. ఇచట వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఆ చిత్రములను, ఆ పొలము వెనుకటి చరిత్రను చేర్చి చూచి, ఒక్కొక్క పొలమునకు వేఱువేఱుగా సలహా వ్రాసి పంపిరి. గ్రామములోని కార్యకర్త దానిని రైతునకు చదివి వినిపించి బోధపఱచెను.

ఆ కాలపు సాధారణ కెమెరాలు మూడు నాలుగు మెగాపిక్సెళ్లవి. నేడు మన జేబులలోని ఫోనులు అంకెల లెక్కకు వానికంటె ఎన్నో రెట్లు పెద్దవి. అయినను ఆ చిన్న కెమెరాలతో పని జరిగినది. కారణములు మూడు. తీయువానికి ఏమి చూపవలెనో తెలియును. ఒకే పొలమును మరలమరల తీసిరి. చిత్రముతోబాటు నాలుగు మాటలు వ్రాసి పంపిరి. కెమెరా కొనదలచినవారు ఈ మూడింటిని మనస్సునం దుంచుకొనవలెను. ఇవి బజారులో అమ్ముడుపోవు వస్తువులు కావు.

యంత్రము పనిచేయు విధము

మన హైదరాబాదునకు ఛాయాచిత్రకళ క్రొత్త గాదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థానమున లాలా దీన్ దయాళ్ (1844–1905) గాజు పలకలమీద చిత్రములు తీసి ఖ్యాతిగాంచెను. ఆనాడు పలకలు, మందులు, చీకటి గది, వీనితో పని. గాజు పలక పోయి ఫిల్ము చుట్ట వచ్చెను. 1975లో అమెరికాలోని కొడక్ సంస్థలో స్టీవెన్ శాసన్ అను ఇంజనీరు ఫిల్ము లేని కెమెరాను నిర్మించెను. అది ఒక చిత్రమును క్యాసెట్టు టేపుమీద నెక్కించుటకు 23 సెకండ్లు పట్టెడిది. చిత్రమున పదివేల చుక్కలు మాత్రమే యుండెడివి. నేటి డిజిటల్ కెమెరాలకు అదియే మూలపురుషుడు.

ఫిల్ము స్థానమున నేటి కెమెరాలో సెన్సారు అను చిన్న రేకు గలదు. దానిని మడులుగా కట్టిన పొలమువలె తలచుడు. వెలుతురు వానవలె పడును. ప్రతి మడిలో నెంత నీరు నిలిచెనో కొలిచి వ్రాసికొన్నట్లు, ప్రతి గడిలో నెంత వెలుతురు పడెనో యంత్రము కొలుచును. ఆ కొలతల మొత్తమే చిత్రము. పది లక్షల గడులు ఒక మెగాపిక్సెల్. ఇక ఒకే యెకరమును నూఱు మడులు చేసినను, వేయి మడులు చేసినను భూమి పెరుగదు గదా! మడి చిన్నదైన కొలది అందులో పడు నీరును తక్కువే. మబ్బు పట్టినప్పుడు, చెట్ల నీడను, వరి దుబ్బుల అడుగున, వెలుతురు చాలక కొలతలు తప్పి, చిత్రమంతయు ఇసుక చల్లినట్లు రవ్వలు రవ్వలుగా కనబడును. కావున “మెగాపిక్సెళ్లెన్ని?” అని యడుగుటకు ముందు “సెన్సారు పరిమాణ మెంత?” అని యడుగవలెను.

చిన్న జేబు కెమెరాలలోని సెన్సారు సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు గలిగి చిటికెన వ్రేలి గోరుకంటె చిన్నదిగా నుండును. లెన్సు మార్చుకొను వీలుగల పెద్ద కెమెరాలలో పెక్కింటి సెన్సారు దానికి దాదాపు 12 రెట్ల వైశాల్యము గలది. మసక వెలుతురులో రెండింటికి గల భేదము ఇచటనే తెలియును.

మెగాపిక్సెళ్లు ఎన్ని చాలునను ప్రశ్నకు లెక్కయే సమాధానము. ఆరంగుళముల పొడవు, నాలుగంగుళముల వెడల్పు గల సాధారణ ఫొటోను అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చువేసినచో 1,800 × 1,200, అనగా 21,60,000 చుక్కలు కావలెను. అది రెండు మెగాపిక్సెళ్లకు కొంచెము పైన. ఏ4 కాగితము నిండుగ అచ్చువేయుటకు తొమ్మిది మెగాపిక్సెళ్లు సరిపోవును. కావున పండ్రెండు మొదలు ఇరువదినాలుగు మెగాపిక్సెళ్ల వఱకు గల కెమెరా ఏదైనను రైతునకు చాలును. అంతకంటె పెద్ద అంకెకు అదనముగా సొమ్ము చెల్లింప నవసరము లేదు.

ముందుగా చేతనున్న ఫోనును పరీక్షింపుడు

కొనవలెనా అను ప్రశ్న, ఏది కొనవలెను అను ప్రశ్నకంటె ముందుగా రావలెను. దీనికొక పరీక్ష చెప్పెదము. 2018లో మన దేశమున మొదట కర్ణాటకమున కనబడి, పిదప మన మొక్కజొన్న చేలలోనికి వచ్చిన కత్తెర పురుగును మీలో పలువురు చూచియే యుందురు. తక్కిన పచ్చపురుగులనుండి దానిని వేఱుపఱచు గుర్తులు రెండు: తలమీద తలక్రిందులుగా నున్న ఆంగ్ల ‘వై’ అక్షరమువంటి తెల్లని గీత, తోకకు దగ్గఱగా ఎనిమిదవ కడుపు ఖండముపై చతురస్రముగా అమరిన నాలుగు నల్లని చుక్కలు. ఎదిగిన పురుగు మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవుండును. మీ ఫోనుతో దానిని తీసి, చిత్రమును పెద్దది చేసి చూడుడు. ఆ నాలుగు చుక్కలును విడివిడిగా కనబడినచో మీకు ప్రస్తుతము వేఱు కెమెరా అవసరము లేదు. సొమ్మును విత్తనములకు దాచుకొనుడు. పురుగు దొరకనిచో రూపాయి నాణెముమీది సంవత్సరపు అంకెలను తీసి చూడుడు. చాలవఱకు అదియే పరీక్ష.

ఫోను ఓడిపోవునది సాధారణముగ మూడుచోట్ల. మొదటిది, మిక్కిలి దగ్గఱగా పోయినప్పుడు ఫోకసు కుదరకపోవుట. చవుక ఫోనులలో “మాక్రో” అని వేఱుగా నుంచిన లెన్సు తఱచుగా రెండు మెగాపిక్సెళ్లది. దానికంటె అసలు లెన్సుతో కొంచెము దూరమునుండి తీసి పెద్దది చేసికొనుటయే మేలు. రెండవది, మిట్టమధ్యాహ్నపు టెండలో తెరమీద ఏమియు కనబడకపోవుట. మూడవది, ఫోను తనంతట తానే రంగులకు మెఱుగు దిద్దుట. పసుపు తిరిగిన ఆకును పచ్చగా చూపినచో రోగి బుగ్గలకు రంగు పూసి వైద్యునికి చూపినట్లగును. మెఱుగు దిద్దు ఏర్పాట్లను ఫోనులో ఆపివేయవలెను.

చిత్రమును చూచి తెగులు పేరు చెప్పు ఫోను యాపులును నేడు గలవు. జర్మనీ దేశపు సంస్థ యొకటి నిర్మించిన ప్లాంటిక్స్ అను యాపు 2017లో ఇక్రిశాట్, ఆచార్య ఎన్. జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయముల సహకారముతో తెలుగున వెలువడెను. ఇట్టివి ఉపయోగకరములే. కాని మసక చిత్రము మనుష్యుని మోసగించినట్లే యంత్రమును మోసగించును.

బజారులోని రకములు

ఫోను చాలదని తేలినవారు ఈ క్రింది రకములను విచారింపవలెను.

మొదటిది జేబు కెమెరా. తేలిక, మీటలు తక్కువ, మొదటిసారి పట్టువానికి భయము లేదు. కొడక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్45 ఇట్టిది: 16 మెగాపిక్సెళ్లు, నాలుగు రెట్ల జూము, బజారులో నెచటనైనను దొరకు ఏఏ సైజు సెల్లులు. ఈ సందర్భమున నొక సంగతి చెప్పవలెను. పూర్వపు కొడక్ సంస్థ 2012 జనవరిలో దివాలాకు దరఖాస్తు పెట్టుకొన్నది. ఆ పేరు వాడుకొనుటకు అనుమతి పొందిన వేఱొక సంస్థ ఈ కెమెరాలను విక్రయించుచున్నది. వస్తువు చెడ్డదని మా భావము కాదు. పెట్టెమీది పేరునుబట్టి గాక చిత్రమునుబట్టి కొనవలెనని మాత్రమే చెప్పుచున్నాము.

రెండవది మొండి కెమెరా. నీటికి, దుమ్మునకు, క్రింద పడుటకు ఓర్చునది. 2019లో వచ్చిన ఒలింపస్ టీజీ-6 ఇందుకు మంచి ఉదాహరణము: 12 మెగాపిక్సెళ్లే యైనను 15 మీటర్ల లోతు నీటిలో పనిచేయును; లెన్సునకు ఒక సెంటీమీటరు దూరముననున్న పురుగును సైతము స్పష్టముగ తీయును. పొలము పనికి ఇంతకంటె అనువైన రకము లేదు. వెల మాత్రము జేబు కెమెరాకంటె హెచ్చు.

మూడవది లెన్సు మార్చుకొను పెద్ద కెమెరా. 2018లో వచ్చిన కెనాన్ ఈఓఎస్ 1500డి క్రొత్తగా నేర్చుకొనువారు కొనువానిలో నొకటి: 24.1 మెగాపిక్సెళ్లు, పెద్ద సెన్సారు. దానితో నిచ్చు సాధారణ లెన్సు 25 సెంటీమీటర్ల దూరమునుండి ఆరేడు సెంటీమీటర్ల వెడల్పు గల భాగమును చిత్రము నిండుగ తీయగలదు. ఆకుమీది మచ్చకు, కత్తెర పురుగునకు ఇది చాలును. ఒక మిల్లీమీటరు పొడవుండు తామర పురుగునకు చాలదు. ఈ రకము నేర్చుకొనుటకు ఓపిక కావలెను. పొలములో లెన్సు విప్పినచో దుమ్ము సెన్సారుమీద పడును.

నాలుగవది పొడవైన జూము కెమెరా. దూరపు పక్షిని దగ్గఱగా చూపును. చూచుటకు వేడుకయే గాని, మన పని దూరముననున్నదానిని దగ్గఱకు తెచ్చుట కాదు. చిన్నదానిని పెద్దదిగా చూపుట. కావున దీనిని మేము సిఫారసు చేయము.

డ్రోను కెమెరా మాట కొందఱు ఎత్తుచున్నారు. మనకు శంషాబాదు విమానాశ్రయము సమీపమున గలదు. 2021 డ్రోను నియమముల ప్రకారము విమానాశ్రయముల పరిసరములు నిషిద్ధ, నియంత్రిత మండలములు. అనుమతి లేక ఎగురవేయుట నేరము. ఆ యాలోచన మానుకొనుట మంచిది.

ఇక ఒక హెచ్చరిక. ప్రపంచమంతట కెమెరా సంస్థలు 2010లో సుమారు 12 కోట్ల డిజిటల్ కెమెరాలను బజారునకు పంపగా, 2020లో 89 లక్షలు మాత్రమే పంపెను. ఫోను వచ్చి చవుక కెమెరాను మ్రింగివేసినది. పేరుగల సంస్థలు విడిచిన ఆ స్థానమున ఊరు పేరు లేని కెమెరాలు “48 మెగాపిక్సెళ్లు” అను ప్రకటనలతో తిరుగుచున్నవి. వీనిలో కొన్నింటికి ఫోకసు మార్చు ఏర్పాటే యుండదు. అంకె మాత్రము చిన్న చిత్రమును సాగదీసి పెద్దది చేయగా వచ్చినది. పిండిలో నీళ్లు పోసి కొలత పెంచినట్టిదే ఈ వ్యాపారము.

దుకాణములో చేయవలసిన పరీక్షలు

కోఠీలోని గుజరాతీ గల్లీకి పోవునప్పుడు ఒక ఎండిన ఆకు, ఒక తెల్ల కాగితము, ఒక రూపాయి నాణెము వెంట తీసికొనిపొండు. దుకాణదారుడు నవ్వినను సంకోచింపకుడు. సొమ్ము మీది.

1. ఆకును, నాణెమును ప్రక్కప్రక్కన నుంచి, పూవు గుర్తుగల దగ్గఱి ఫోకసు మీట నొక్కి తీయుడు. తెరమీద పెద్దది చేసి, ఆకు ఈనెలు, నాణెముమీది అంకెలు స్పష్టముగ నున్నవేమో చూడుడు. ఈ పరీక్షలో ఓడిన కెమెరాకు తక్కిన పరీక్షలు చేయనక్కఱలేదు.

2. దుకాణము మూలన, దీపపు వెలుతురు తక్కువగా నున్నచోట, ఫ్లాష్ వేయక తీయుడు. రవ్వలు ఎంతగా కనబడునో చూడుడు. వరి దుబ్బుల అడుగున చేరు దోమను తీయవలసినది ఇట్టి వెలుతురులోనే.

3. తెల్ల కాగితమును తీయుడు. అది చిత్రమునను తెల్లగనే యుండవలెను. నీలముగనో పసుపుగనో కనబడినచో, రంగును సవరించు ఏర్పాటు గలదేమో అడిగి తెలిసికొనుడు. నత్రజని లోపమున ముదురాకులు పసుపు తిరుగును. ఇనుము లోపమున లేతాకులు పాలిపోయి ఈనెలు పచ్చగా నిలుచును. రంగు తప్పినచో నిదానము తప్పును.

4. జూము రెండు రకములు. లెన్సు కదలి చేయునది నిజమైనది; చిత్రమును కత్తిరించి పెద్దది చేయునది పేరునకు మాత్రమే. మొదటిదానిని మాత్రమే లెక్కలోనికి తీసికొనుడు.

5. కెమెరాను పట్టుకొని వీధిలోనికి వచ్చి, ఎండలో తెర కనబడునేమో చూడుడు. తడి చేతితో, లావు వ్రేళ్లతో మీటలు నొక్క వీలగునేమో చూడుడు.

6. మీరు తీయుటగాక మీ యింటివారిచేత తీయింపుడు. ఆమెకో, కుమారునకో ఐదు నిమిషములలో తెలియని యంత్రము మీ యింట అలమరకే అలంకారమగును.

వెలలు దినదినము మారుచుండును గావున ఇచట వ్రాయుట లేదు. మూడు దుకాణములలో విచారించి, ఇంటికి వచ్చి, ఒక రాత్రి గడచిన పిదప కొనుడు. కెమెరా వెలతోబాటు మెమరీ కార్డు, రెండవ బ్యాటరీ, సంచి వీని వెలను కూడ కలిపి లెక్కింపుడు. 32 జీబీల కార్డు వేలకొలది చిత్రములకు చాలును. పాత కెమెరాలు కొన్ని అంతకంటె పెద్ద కార్డును గ్రహింపవు. జీఎస్టీ బిల్లు, దానిపై యంత్రపు సంఖ్య, భారతదేశమున చెల్లు వారంటీ కాగితము లేక కొనరాదు. “బిల్లు లేకున్న తగ్గించెదను” అను మాటకు లోబడితిరా, చెడినప్పుడు అడుగు హక్కును కొంచెపు తగ్గింపునకు అమ్ముకొన్నవా రగుదురు. బిల్లు చేత నున్నవారు వివాదము వచ్చినప్పుడు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 అను సంఖ్యపై ఫిర్యాదు చేయవచ్చును.

వాడిన కెమెరాను కొనుట తప్పు కాదు. కొన్ని సందర్భములలో వివేకము కూడ. లెన్సును దీపమున కెదురుగ పట్టి చూడుడు. సాలెగూడువంటి సన్నని పోగులు కనబడినచో అది బూజు, వదలిపెట్టుడు. తెల్ల గోడను తీసి, చిత్రమున కదలక నిలుచు మచ్చలున్నవేమో చూడుడు. సెల్లులుంచు గదిలో తుప్పు, ఆకుపచ్చని పొడి యున్నచో కొనకుడు.

చిత్రము తీయు క్రమము

ఏ కెమెరాయైనను, ఫోనైనను, ఒక తెగులునకు నాలుగు చిత్రములు తీయవలెను. మొదటిది పొలమంతయు కనబడునట్లు: తెగులు గట్టువెంబడి నున్నదా, గుంపులు గుంపులుగా నున్నదా, అంతటను సమముగ నున్నదా అని తెలియును. రెండవది ఒక మొక్క, నేలనుండి కొన వఱకు. మూడవది రోగము సోకిన భాగము, ప్రక్కన రూపాయి నాణెముతో. 2011 తరువాత వచ్చిన రూపాయి నాణెము వ్యాసము సుమారు 22 మిల్లీమీటర్లు గావున మచ్చ కొలత తెలియును. నాలుగవది ఆకు వెనుక భాగము. రసము పీల్చు పురుగులలో పెక్కు అచటనే దాగును. రైతులు తఱచుగా మఱచునదియు ఆ చిత్రమే.

ఉదయపు వెలుతురు మేలు. నడియెండలో మీ నీడనే గొడుగుగా చేసికొనుడు. గాలికి ఆకు కదలుచున్నచో వెనుకనుండి అట్టముక్కను ఆనించుడు. ఊపిరి బిగబట్టి, మోచేతులను ప్రక్కల కదిమి మీట నొక్కుడు. మందు అంటిన చేతులతో కెమెరాను ముట్టరాదు. దానిని మీరు కంటికి దగ్గఱగా పట్టుదురు.

వాట్సాప్‌లో ఫొటోగా పంపిన చిత్రము కుదించుకొనిపోవును. మీరు తీసిన స్పష్టత దారిలోనే నశించును. డాక్యుమెంటుగా పంపినచో ఉన్నది ఉన్నట్లు చేరును. చిత్రముతోబాటు పైరు, రకము, నాటిన తేది, వేసిన ఎరువు, కొట్టిన మందు, నీరు పెట్టిన దినము తప్పక వ్రాయుడు.

నష్టము చూపు చిత్రములు

2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన పెనువాన మనకు మఱపునకు రానిది. చెఱువులు పొంగి, జల్‌పల్లి పరిధిలోని ఉస్మాన్‌నగరు నెలల తరబడి నీట నిలిచినది. ఇండ్లకైనను చేలకైనను నష్టము కలిగినప్పుడు అందఱును నీటినే ఫొటో తీసెదరు. కాని నీటి చిత్రము సగము సాక్ష్యమే. ఆ నీటిక్రింద ఏమి యుండెనో తెలుపునది అంతకుముందు తీసిన చిత్రము. పైరు నాటిన నాటినుండి నెలకొకసారి, ఒకే గట్టుమీద, ఒకే గుర్తుచెట్టు కనబడునట్లు తీసి యుంచుకొన్న రైతు, నష్టమును వాదింప నక్కఱలేదు, చూపిన చాలును.

ఇందుకు కెమెరా కొన్ననాడే తేదిని, వేళను సరిగ నమర్పవలెను. బ్యాటరీ చాలకాలము తీసియుంచినప్పుడు తేది చెడవచ్చును గావున మరల చూచుకొనవలెను. ఫోనైనచో స్థలమును కూడ నమోదు చేయగలదు. ఇది ఫోనునకు గల పెద్ద మేలు. మూల చిత్రమును దిద్దరాదు, కత్తిరింపరాదు, చెఱుపరాదు. దిద్దవలసినచో ప్రతి తీసి దిద్దుడు. 2024 జులై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము న్యాయస్థానమున ఎలక్ట్రానిక్ రికార్డును దాఖలు చేయుటకు ధ్రువపత్రము కావలెను. కావున చిత్రము ఎవరు తీసిరి, ఏ యంత్రముతో తీసిరి అను వివరము సంఘపు పుస్తకమున నుండుట ఉత్తమము.

సంఘము పక్షమున కొనినచో

ప్రతి యింట నొక కెమెరా అవసరము లేదు. పది పదునేను కుటుంబములకు దగ్గఱి ఫోకసు గల మంచి కెమెరా యొకటి, ఫోనులకు అందని పనులకొఱకు, చాలును. ఈ-సాగు కార్యక్రమము చెప్పు పాఠమును ఇదియే. అయితే పదిమంది సొత్తు పాడగుట సులభము. కావున కొనుటకు ముందే మూడు నిర్ణయములు చేసికొనవలెను: కెమెరా ఎవరి యొద్ద నుండవలెను, ఎవరు తీయవలెను, చెడినచో ఎవరు బాగు చేయింపవలెను. తీయుట నేర్చిన యువకునో యువతినో ఇద్దఱిని నియమించి, పొలము పేరు, తేది, చిత్రముల సంఖ్య వ్రాయుటకు ఒక పుస్తక మీయుడు. వానకాలమున గాలి చొరని డబ్బాలో సిలికా పొడి పొట్లముతో దాచినచో బూజు పట్టదు. నెలకొకసారి చిత్రములను కంప్యూటరులోనికి, వేఱొక డిస్కులోనికి ఎక్కించి రెండుచోట్ల నుంచుడు.

అదునెఱిగి సేద్యము, పదునెఱిగి పైరు అని పెద్దల మాట. అదును మించకముందు తెలిసినవాని కంటికి పైరును చూపుటకే కెమెరా. ఈ నెలలో సభ్యులెల్లరు తమ ఫోనులతో నాణెపు పరీక్షను చేసి, ఆ చిత్రములను వచ్చు సమావేశమునకు తీసికొనిరండు. ఎందఱి ఫోనులు నెగ్గెనో, ఎందఱివి ఓడెనో చూచిన పిదప, సంఘమునకు కెమెరా కావలెనా వలదా అను విషయము అందఱమును గూడి నిర్ణయింపవచ్చును.